కార్క్ నగరపు రాతిమనుషులూ, మా మామగారూ

బయల్దేరే ముందు

"ఐర్లండ్ వెళ్లొచ్చాం" అంటే మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు మిత్రులు అడిగింది ఒకటే: "అక్కడేముందండీ చూడ్డానికి?" లండన్ అయితే రాణిగారి కోట, పారిస్ అయితే ఇనుప గోపురం. కార్క్ అనే ఊరి పేరు వినగానే ఒకాయన సీసా బిరడా అనుకుని నవ్వాడు. ఆ నవ్వినాయన కోసమూ, ఇంకా వెళ్లనివాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. మేం అక్కడ ఉన్నది వారం రోజులు. చూసినవాటిలో ముప్పాతిక భాగం వీధుల్లో నిలబెట్టిన విగ్రహాలూ, స్మారకాలూ. నేనొక్కణ్ణే వెళ్లి ఉంటే వాటిలో ఒక్కదాన్ని కూడా తలెత్తి చూసేవాణ్ణి కాదు. వెంట వచ్చింది మా మామగారు కాబట్టి చూడక తప్పలేదు.

అది 1987 జూన్. కార్ల తలుపులూ బానెట్లూ అచ్చుగుద్దే ప్రెస్సులు బాగుచేసి అమ్మే ఒక చిన్న కంపెనీలో నేను ఇంజనీర్ని. కార్క్‌లో మూతపడిన ఒక ఫ్యాక్టరీలో రెండు పాత ప్రెస్సులు ఉన్నాయని, అవి పనికొస్తాయో లేదో చూసి రమ్మని మా బాస్ పంపాడు.

మామగారి పేరు నరసింహాచారి. ఆళ్లగడ్డలో శిల్పి. నలభై ఏళ్లు నల్లరాతిలో దేవుళ్లని చెక్కిన మనిషి. కూతుర్ని చూడ్డానికని మార్చిలో మా ఇంటికొచ్చారు. ఉలీ సుత్తీ వెంట తెచ్చుకోలేదు. ఎందుకని అడిగితే, "కండ్లు ఆనడంలేదు అల్లుడుగారూ. ఇంక చాలు" అన్నారు. కానీ మా కిటికీ దగ్గర కూర్చుని, వీధికి అటువైపున్న ఇంటి మెయిల్‌బాక్స్ మీది నంబరు అవలీలగా చదివేవారు. మిగతా సమయమంతా సోఫాలో కూర్చుని, అర్థం కాని టీవీ చూసేవారు.

"నాన్నని కూడా తీసుకెళ్లండి" అంది మా ఆవిడ వసంత. "ఇక్కడ టీవీ ఆఫ్ చేసినా స్క్రీన్ వైపే చూస్తున్నాడు. నాకు భయంగా ఉంది. మీరు మీ ఫ్యాక్టరీ పని చూసుకోండి, నాన్న ఆ ఊరు చూసుకుంటాడు. టికెట్ నేను బుక్ చేస్తా."

మామా అల్లుళ్లం వారం రోజులు ఒకే గదిలో ఉండడం ఎలాగా అని నాకు లోపల బెంగగానే ఉంది. పెళ్లయిన పదకొండేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక ఉత్తరం ముక్కకి సరిపోవు.

గుడ్డు కూడా వద్దా?

కార్క్ కొండల మధ్య ఏటి ఒడ్డున ఉన్న ఊరు. ఏరు రెండు పాయలుగా చీలి ఊరిని మధ్యలో పెట్టుకుంది. కాబట్టి ఎటు నడిచినా ఒక వంతెన ఎదురవుతుంది. వాన కూడా అంతే. రోజుకి నాలుగైదుసార్లు వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. పైగా సన్న జల్లు పడుతుంటే "మెత్తటి రోజు" అంటారు మెచ్చుకోలుగా.

మేం దిగింది నోరా అనే ఆవిడ ఇంట్లో. అరవై దాటిన మనిషి. రెండు గదులు అద్దెకిచ్చి పొద్దున్నే టిఫిన్ పెడుతుంది. మనిషికి తొమ్మిది పౌన్లు. మా మిషిగన్‌లో ఏ మోటెల్ వాడూ ఆ డబ్బుకి అట్టకప్పులో కాఫీ తప్ప ఇంకేమీ ఇవ్వడు. మొదటిరోజు ఆవిడ పళ్లెం నిండా మాంసం తెచ్చి పెట్టింది. మామగారు తినరని చెప్పాను.

"పోనీ, గుడ్డు?"

"గుడ్డు కూడా తినరు."

"గుడ్డు కూడానా!" ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి వెన్న?"

"వెన్న తింటారు."

"అయితే బతికేస్తాడు" అని ఊపిరి పీల్చుకుని లోపలికెళ్లి, గోధుమరొట్టె, గడ్డ గడ్డగా వెన్న, వేయించిన టమాటాలు, పుట్టగొడుగులు తెచ్చింది. రాత్రి భోజనంలో ఒకే పళ్లెంలో ఆలుగడ్డ మూడు రకాలుగా వచ్చింది. ఉడికించింది, వేయించింది, మెత్తగా మెదిపింది. "మనకి పప్పు ఎట్లనో వీళ్లకి ఆలుగడ్డ అట్ల" అని మామగారు తేల్చేశారు. మేం వెంట తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయ సీసా ఆవిడకి కూడా చూపించాం. ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు తుడుచుకుని, "గ్రాండ్" అంది. ఆ ఊళ్లో అన్నిటికీ అదే మాట. ఎలా ఉన్నారంటే గ్రాండ్, వాన పడుతోందంటే గ్రాండ్.

విగ్రహం దగ్గర దిగండి

ఊళ్లోకి వెళ్లే బస్సెక్కితే డ్రైవర్ అడిగాడు, "విగ్రహం దగ్గరకేనా?"

"ఏ విగ్రహం?" అన్నాను.

"విగ్రహమే" అన్నాడు, ఇంకోటి ఉంటుందా అన్నట్టు.

పెద్దవీధి చివర, వంతెనకి ఎదురుగా, ఎత్తైన రాతిపీఠం మీద కంచులో పోసిన పాదిరీ అది. వెనకటి రోజుల్లో ఊరూరా తిరిగి లక్షల మందితో తాగుడు మాన్పించాడట. చెయ్యి చాపి దీవిస్తూ ఉంటాడు. బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. ప్రేమికులు అక్కడే కలుసుకుంటారు. ఆయన చెయ్యి చాపిన దిక్కున నడిస్తే, నేను లెక్కపెట్టినంతలో, ఏడు సారాదుకాణాలు ఉన్నాయి.

మన ఊళ్లలో విగ్రహం అంటే దండ ఉండాలి, ఏడాదికోసారైనా కొబ్బరికాయ కొట్టాలి. ఇక్కడ దండ లేదు, కొబ్బరికాయ లేదు. తల మీద ఒక సముద్రపు కాకి మాత్రం ఉంది. మామగారు పంచె కాస్త పైకెత్తుకుని, ఓవర్‌కోటూ మంకీ టోపీతో, విగ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగారు. నేను ప్రదక్షిణ అనుకున్నాను. కాదు, మడతలు చూస్తున్నారు.

"అంగీ మడతలు బాగా తీసినాడు. కాలి కాడ బరువు సరింగా పడింది. కండ్లు మాత్రం తెరవలేదు చూడండి. కనుగుడ్డు పెట్టినాడు గానీ చూపు పెట్టలేదు."

తర్వాత జేబులోంచి ఒక నాణెం తీసి పీఠాన్ని టింగు టింగుమని కొట్టి, చెవి ఆనించి విన్నారు. ఇంకోచోట కొట్టారు. మూడోచోట కొట్టేసరికి ఎవరో భుజం తట్టారు. ఆరడుగుల పోలీసు.

"ఏం చేస్తున్నారు సార్ ఈయన?" అని నన్నడిగాడు. ఆ దేశంలో గిట్టని విగ్రహాలని మందుగుండు పెట్టి పేల్చేసిన సందర్భాలున్నాయని నోరా చెప్పింది గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

"రాయి ఆడదో మగదో చూస్తున్నారు" అన్నాను. ఇంగ్లీషులోకి మార్చేసరికి ఆ మాట ఇంకా ఘోరంగా వినిపించింది. గంటలా మోగితే మగరాయి, కంచుతాళంలా మోగితే ఆడరాయి అనీ, మా దేశంలో శిల్పులు విగ్రహానికి రాయి ఎంచుకునే పద్ధతి ఇదీ అనీ గబగబా వివరించాను.

పోలీసు టోపీ వెనక్కి తోసుకుని, పీఠం వైపు తిరిగి, వేలి కణుపుతో తనూ ఒకసారి తట్టాడు. "మరి ఇదేంటి?"

మామగారు పెదవి విరిచారు. "ఏదీ కాదు. పీటకి చాలు."

అది విని పోలీసు ఎంత నవ్వాడంటే, విగ్రహం తల మీది కాకి లేచిపోయింది.

నాలుగు ముఖాల గోపురం

రెండోరోజు పొద్దున ఏటికి అవతల కొండ మీద చర్చి గోపురం ఎక్కాం. దానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలు. నాలుగూ నాలుగు టైములు చెబుతాయి. ఊరివాళ్లు దాన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అని ముద్దుగా పిలుస్తారు. మామగారికి గడియారాలు పట్టలేదు. గోపురం రెండు వైపులు ఎర్రరాయి, రెండు వైపులు బూడిద తెలుపు. ఆ తెల్లదాని మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయారు.

"అల్లుడుగారూ, ఇది మన నాపరాయే. బేతంచెర్ల రాయికి అక్కో చెల్లెలో. రంగు రవ్వంత తేడా."

ఊరంతా ఆ రాయే. వంతెనలు, బ్యాంకులు, మెట్లు. చుట్టం ఇంటికొచ్చినవాడిలా ఆయన మొహం విచ్చుకుంది. డబ్బులిస్తే తాళ్లు లాగి గంటల మీద పాట వాయించనిస్తామన్నారు. ఒక తాడు పట్టుకుని, గుడిలో కొట్టినట్టు ఒకే ఒక్కసారి గట్టిగా లాగి దణ్ణం పెట్టుకున్నారు. కిందికి దిగాక చర్చివాడు, "పాట వాయించలేదేం?" అని అడిగాడు. "దేవుడికి వచ్చినామని తెలిస్తే చాలదా?" అన్నారు మామగారు. నేను అనువదించాను. చర్చివాడు కాసేపు ఆలోచించి చాలునన్నాడు.

మధ్యాహ్నం ఊరి మధ్య ఒక చిన్న పార్కు చూశాం. అక్కడొక విగ్రహం. శాలువా కప్పుకుని ఉల్లిగడ్డలమ్మే అవ్వ. రాజు కాదు, సైనికుడు కాదు, సాధువు కాదు. సంతలో గంప ముందర కూర్చునే మనిషి. మామగారు దాని ఎదురుగా ఉన్న బెంచీ మీద చతికిలబడ్డారు.

"ఉల్లిగడ్డలమ్మేదానికి విగ్రహమా!" అని రెండుసార్లు అన్నారు. మెచ్చుకుంటున్నారో తప్పుపడుతున్నారో నాకు తెలియలేదు. అక్కణ్ణుంచి గంటన్నర కదల్లేదు.

మామగారు తప్పిపోవడం

మూడోరోజు నాకు ఫ్యాక్టరీలో పని. మామగారు అవ్వ దగ్గరే కూర్చుంటానన్నారు. నోరా ఇంటి అడ్రసు కాగితం జేబులో పెట్టి, రొట్టె, ఊరగాయ ఇచ్చి, నాలుగింటికి వస్తానని చెప్పి వెళ్లాను.

ఫ్యాక్టరీ బోసిగా ఉంది. వందల మంది పనిచేసిన షెడ్డులో ఇప్పుడొక కాపలాదారు, రెండు ప్రెస్సులు. అతను అక్కడే ఇరవై మూడేళ్లు తలుపులు అచ్చుగుద్దాడట. ప్రెస్సుని నేను తిప్పిచూస్తుంటే దగ్గరికొచ్చి, "ఎడమవైపు కొంచెం నూనె కారుతుంది. అది తప్ప బంగారం" అన్నాడు, అమ్మాయిని అత్తారింటికి పంపేవాడిలా. మా డెట్రాయిట్ చుట్టుపక్కల కూడా అలాంటి షెడ్లు చూస్తూనే ఉన్నాను. ఆ రోజంతా మనసు బాగోలేదు.

నాలుగున్నరకి పార్కుకొస్తే బెంచీ ఖాళీ. ఊరగాయ పొట్లం మాత్రం ఉంది. వాన మొదలైంది. ఇంగ్లీషు రాని మనిషి, గుడ్డు కూడా తినని మనిషి, ఈ ఊళ్లో ఎక్కడని వెతకను? వసంతకి ఏమని ఫోన్ చేయను? పాదిరీ విగ్రహం దాకా పరిగెత్తాను. లేరు. బస్సు డ్రైవర్లని అడిగాను. చివరికి పువ్వులమ్మే ఒకామె చెప్పింది: "పొడుగు తెల్లగుడ్డ కట్టుకున్న పెద్దాయనేనా? ఏటి గట్టు వైపు వెళ్లాడు. ఏదో వింటున్నట్టు తల పక్కకి పెట్టి నడుస్తున్నాడు."

గట్టు వెంబడి వెళ్తుంటే నాకూ వినిపించింది. టక్, టక్, టక్. ఆగి మళ్లీ టక్, టక్. నేను దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఒక పాత స్మారకస్తంభం దగ్గర టార్పాలిన్ కట్టి ఉంది. దాని కింద బోర్లించిన బకెట్ల మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని టీ తాగుతున్నారు. ఒకరు మామగారు. రెండో ఆయన రాతిదుమ్ముతో తెల్లబడ్డ కనుబొమలున్న పొట్టి మనిషి. పేరు డిన్నీ.

నాకు ముందు కోపం వచ్చింది. "ఎక్కడని వెతకాలి మామగారూ! గంట నుంచి తిరుగుతున్నా."

"ఉలి చప్పుడు ఇనపడింది, వచ్చినా" అన్నారు. ఆయన దృష్టిలో అది పూర్తి జవాబు.

డిన్నీ చూపించిన గుంట

ఏటి ముఖద్వారంలో పడవ మునిగి చనిపోయిన రేవు కూలీల స్మారకం అది. పేర్లు వానకి అరిగిపోతే మళ్లీ చెక్కుతున్నాడు డిన్నీ. ఆ సాయంత్రం నుంచి నేను అనువాదకుణ్ణి. నిజానికి నా అవసరం అంతగా లేదు. ఉలి మొన ఎలా సానపట్టాలో వాళ్లిద్దరూ చేతులతోనే పోట్లాడుకున్నారు.

నాలుగోరోజు కూడా మామగారు అక్కడికే వెళ్లారు. సాయంత్రం నేను చేరేసరికి డిన్నీ ఆయన వేలు పట్టుకుని స్తంభం మీద పేర్ల వెంబడి నడిపిస్తున్నాడు. పైనుంచి నాలుగో వరుస దగ్గర ఆపాడు.

"ఇక్కడ చూడు. కిందికి దిగింది కదా? వెంట్రుకవాసి."

మామగారు కళ్లు మూసుకుని తడిమారు. "అవును, గుంట."

"ముప్పై ఏళ్ల కింద నేనే చేశా" అన్నాడు డిన్నీ. "చచ్చినవాడి పేరులో అక్షరాలు తారుమారు చేశా. వాళ్లావిడ చూడ్డానికొచ్చి, చదివి, వెనుదిరిగి వెళ్లిపోయింది. వారం రోజులు ఇల్లు కదల్లేదు నేను. తర్వాత వచ్చి ఆ వరుస మొత్తం రాయిని అరగదీసి, లోపలికి దించి మళ్లీ చెక్కా. నీళ్లు పడితే ఇప్పటికీ అక్కడ కాస్త నిలుస్తాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి ముందు దీన్నే చూపిస్తా."

నేను చెప్పడం పూర్తయ్యాక మామగారు చాలాసేపు గుంట మీదనుంచి వేలు తియ్యలేదు. తర్వాత బకెట్ మీద కూర్చుని, ఎవరివైపూ చూడకుండా మొదలుపెట్టారు.

"నా కండ్లకేం రోగం లేదు అల్లుడుగారూ. పోయినేడు ఒక అమ్మవారిని చేస్తి. నాలుగడుగులు. ఎనిమిది నెలల పని. అంతా అయిపోయినాక, ముక్కుపుడక కాడ రవ్వంత సర్దుదామని ఉలి పెట్టినా. ముక్కే పాయె. భిన్నమైంది పూజకి పనికిరాదు గదా. గుడివాళ్లు ఏమీ అనలేదు, ఇంకోటి చెయ్యమన్నారు. నా చేతనే కాలేదు. రాయి ముట్టుకుంటే చెయ్యి వణుకుతాండె. అమ్మవారిని గోడవైపు తిప్పిపెట్టి, కండ్లు కనపడ్డంలేదని చెప్పి, మీ ఇంటికొచ్చినా. వసంతకి కూడా చెప్పలేదు."

పదకొండేళ్లలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి. డిన్నీ నావైపు చూస్తుంటే అనువదించాను. అతను, "ఎంత మందం రాయి?" అని అడిగాడు. మామగారు చేతులతో చూపించారు. "చాలా మిగిలుందే!" అన్నాడు డిన్నీ, అదేదో శుభవార్తలాగా.

సున్నా

ఐదోరోజు డిన్నీ ఒక పనికిరాని పలక ఇచ్చి, ఉలీ కొయ్యసుత్తీ మామగారి చేతికిచ్చాడు. మొదటి దెబ్బలు గురితప్పాయి. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. చప్పుడు మాత్రం వింటున్నాను. తడబడింది, ఆగింది, మళ్లీ మొదలైంది. టీ చల్లారిపోయేవేళకి సమంగా, గడియారంలా సాగింది. తిరిగి చూస్తే పలక మీద తామరపువ్వు ఉంది.

డిన్నీ దాన్ని ఎత్తి వెలుగులో పెట్టి చూసి, మామగారిని స్తంభం దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక పేరులో అరిగిపోయిన ఇంగ్లీషు 'O' అక్షరం చూపించాడు. "ఇది చెక్కు. దీనికంటే కష్టమైంది లేదు. గీతలు ఎవడైనా గీస్తాడు, గుండ్రం దగ్గర అందరి చెయ్యీ తెలిసిపోతుంది."

"సున్నానా?" మామగారు నవ్వారు. "మన అచ్చరాలన్నీ గుండ్రమే గదా అల్లుడుగారూ. గుళ్లలో శాసనాలు ఎన్ని చెక్కలేదు!"

అరగంట పట్టింది. ఊదితే దుమ్ము లేచి, సున్నా పున్నమి చంద్రుడిలా బయటపడింది. సరిగ్గా అప్పుడే నగరపాలిక నుంచి కోటు వేసుకున్న ఒక అధికారి పని చూడ్డానికొచ్చాడు. బకెట్ మీద పంచెకట్టు మనిషిని, చేతిలో ఉలిని చూసి ఆగిపోయాడు.

"ఈయనెవరు?"

"మా మేస్త్రీ" అన్నాడు డిన్నీ తడుముకోకుండా. "ఇండియా నుంచి. ఈ పేర్లలో ఒక అక్షరం ఈయన చెక్కాడు. అదేదో చెప్పు, తీసేస్తాను."

అధికారి కళ్లద్దాలు పెట్టుకుని మూడు వరుసలు వెతికాడు. ఒక అక్షరం మీద వేలు పెట్టాడు. అది డిన్నీది. ఇంకోటి చూపించాడు. అదీ డిన్నీదే. మూడోసారి వెతక్కుండా, "టీ ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు.

ఆఖరిరోజు డిన్నీ భార్య మమ్మల్ని భోజనానికి పిలిచింది. గుడ్డు సంగతి నోరా ముందే చెప్పినట్టుంది, నాలుగు రకాల ఆలుగడ్డ పెట్టింది. సెలవు తీసుకుంటున్నప్పుడు ముసలివాళ్లిద్దరూ ఒకరి చేతులొకరు తిప్పి, కాయలు కాచిన చోట్లు చూసుకున్నారు. ఇంటికి నడుస్తుంటే మామగారు ఉన్నట్టుండి అన్నారు: "ఆ అమ్మవారి రాయిలో ఇంకో మూడడుగుల మనిషి ఉంటాది. దేవుడు కాకపోతే ఏమి? దీపం పట్టుకున్న పడుచు చేస్తా. లేకుంటే సంతకి పొయ్యే అవ్వనైనా చేస్తా."

డెట్రాయిట్

విమానం దిగాక ఇమిగ్రేషన్ వరసలో నిలబడ్డాం. కౌంటర్లో అధికారి మామగారి పాస్‌పోర్ట్ తిరగేస్తూ నన్నడిగాడు. "ఈయన ఏం చేస్తుంటారు?"

"రిటైర్డ్" అన్నాను.

ఆ ఒక్క మాట మామగారికి తెలుసు. మా ఇంటికొచ్చేవాళ్లకి ఆయన్ని పరిచయం చేస్తూ వారానికోసారైనా నేననేదే. ముందుకొచ్చి కౌంటర్ మీద చెయ్యి పెట్టారు. "నో రిటైర్డ్! వర్క్! ఐ వర్క్!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి ఇమిగ్రేషన్ వాడి ముందు అనకూడని మాట ప్రపంచంలో అదొక్కటే. అధికారి తలెత్తాడు.

"వర్క్? ఎక్కడ?"

"ఇండియాలో సార్, ఇండియాలోనే! శిల్పి ఈయన. విగ్రహాలు చెక్కుతారు" అన్నాను ఒక్క గుక్కలో. మామగారు సాక్ష్యంగా, సుత్తిదెబ్బ తగిలి గుడ్డపీలిక చుట్టిన బొటనవేలూ, అరచేతిలో కొత్తగా లేచిన బొబ్బా చూపించారు. అధికారి ఆ చేతిని కాసేపు చూసి, "ఎన్నాళ్లుంటారు?" అన్నాడు.

సెప్టెంబర్ దాకా అని నేను చెప్పబోతుంటే మామగారు మోచేత్తో పొడిచారు. "ఏమంటాండాడు?"

చెప్పాను.

"పదైదు దినాలు చాలని చెప్పండి."

అలాగే చెప్పాను. ముద్ర పడింది. సూట్‌కేసులు తోసుకుంటూ బయటికొస్తుంటే అడిగాను, "మరి వసంతకి ఎవరు చెబుతారు?"

"మీరే. మీరు పోలీసోనికే సర్దిచెప్పినారు."

ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని తలుపు దాటేవరకూ కూడబలుక్కుంటూనే ఉన్నాను. వసంత చెయ్యి ఊపుతూ ఎదురొచ్చింది. ముందు తండ్రి మొహం చూసింది, తర్వాత ఆయన బొటనవేలు పట్టుకుని చూసింది.

"ఏమైంది నాన్నా చేతికి?"

"పని చేసినా" అన్నారు మామగారు.

తను ఆ వేలు వదల్లేదు. గుడ్డపీలిక అంచుల్లో ఇంకా మిగిలున్న తెల్లటి రాతిదుమ్ముని బొటనవేలితో తుడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వింది కూడా.

"ఎప్పుడు బయల్దేరతావు నాన్నా?" అని తనే అడిగింది.